కల్పం నుంచి అట్టోసెకను దాకా: కాలమానాలను మార్చే పద్ధతి

తిరుమల ఘాట్ రోడ్డులో కొండను కోసిన గోడ మీద ఒకచోట కింద గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండు రాళ్లూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నా వాటి వయసుల మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉంది. భూగర్భ శాస్త్రంలో ఈ చోటును ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. పైనున్న శిలాతోరణంలాగే ఇదీ జాతీయ భూవిజ్ఞాన స్మారకమే. కొండ దిగి చిత్తూరు దారి పడితే గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్‌జ్ వద్ద పనిచేస్తుంది. ఆ తరంగం ఒక్కసారి ఊగడానికి 19 నానోసెకన్లు కూడా పట్టదు.

ఆ 80 కోట్ల సంవత్సరాల్లో ఇలాంటి ఊపులు ఎన్ని పడతాయి? సుమారు 1.3×10²⁴. ఫోనులోని కాలిక్యులేటర్ కూడా ఈ సంఖ్యను క్షణంలో చూపిస్తుంది. అది సరైనదో కాదో పోల్చుకోవడానికే మనకు పద్ధతి కావాలి. గుణకారం ఎనిమిదో తరగతి పిల్లలు చేసేదే. తప్పులు అంతకు ముందే, ఏ సంవత్సరమో ఏ త్రుటో తేల్చుకోనప్పుడు దొర్లుతాయి. అంతకంటే ఎక్కువగా సున్నాలకు పేర్లు పెట్టేటప్పుడు దొర్లుతాయి.

మొదటి మెట్టు: సెకను దగ్గర దిగండి

సంవత్సరాలను ఒకేసారి నానోసెకన్లలోకి, కల్పాలను ఒకేసారి ఫెమ్టోసెకన్లలోకి మార్చబోకండి. చిత్తూరు నుంచి శ్రీకాళహస్తికి వెళ్లేవారు తిరుపతిలో దిగి బస్సు మారినట్లు, ఎంత పెద్ద కొలత నుంచి బయలుదేరినా ముందు సెకన్లకు చేరండి. అక్కడ అంకెను కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే చిన్న కొలతలోకి వెళ్లండి. లెక్క తప్పితే ఏ సగంలో తప్పిందో వెంటనే తెలుస్తుంది.

సెకనునే ఎంచుకోవడానికి కారణం ఉంది. రోజు, సంవత్సరం ఆకాశాన్ని బట్టి కొద్దికొద్దిగా మారతాయి. సెకనుకు మాత్రం 1967 నుంచి పరమాణువు ఆధారమైన స్థిరమైన నిర్వచనం ఉంది. సీసియం-133 పరమాణువు నుంచి వెలువడే ఒక నిర్దిష్ట వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగడానికి పట్టే కాలమే ఒక సెకను. చిన్న కొలతలన్నీ దీని దశాంశ భాగాలే కాబట్టి సెకను నుంచి కిందికి వెళ్లే దారిలో దశాంశ బిందువు జరగడం తప్ప వేరే పని లేదు. కష్టమంతా సెకనుకు పైనున్న దారిలోనే.

రెండో మెట్టు: ఏ సంవత్సరం?

రోజుకు 86,400 సెకన్లు. దాన్ని దేనితో గుణిస్తారన్నదే ప్రశ్న.

365 రోజుల సంవత్సరం: 3,15,36,000 సెకన్లు
గ్రెగోరియన్ సగటు సంవత్సరం, 365.2425 రోజులు: 3,15,56,952 సెకన్లు
ఖగోళ శాస్త్రంలో వాడే జూలియన్ సంవత్సరం, 365.25 రోజులు: 3,15,57,600 సెకన్లు
ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం చెప్పే సంవత్సరం, సుమారు 365.25876 రోజులు: దాదాపు 3,15,58,357 సెకన్లు

శాస్త్రానికి సంబంధించిన దీర్ఘకాలాలకు జూలియన్ సంవత్సరం వాడండి, అంటే 3.156×10⁷. నోటి లెక్కకు "ఏడాదికి మూడు కోట్ల పదిహేను లక్షల సెకన్లు" అని గుర్తుంచుకుంటే చాలు. పై (π) విలువ 3.14 తీసుకుని 3.14×10⁷ అని పెట్టుకున్నా అర శాతం కంటే తేడా రాదు.

365 రోజులకూ 365.25 రోజులకూ తేడా 0.07 శాతమే కదా అనిపిస్తుంది. ఘాట్ రోడ్డు రాళ్ల మధ్య ఉన్న 80 కోట్ల సంవత్సరాల మీద ఆ తేడా దాదాపు అయిదున్నర లక్షల సంవత్సరాలు. మొత్తం కలియుగం 4,32,000 సంవత్సరాలే! అయినా ఈ లెక్కలో దానికి భయపడనక్కర్లేదు. 80 కోట్లు అన్నదే ఉజ్జాయింపు, అందులో కోట్ల స్థానంలోనే సందేహం ఉంది. ఏ తేడాను పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో కింద మళ్లీ చెబుతాను.

రెండు తేదీల మధ్య సెకన్లను కచ్చితంగా లెక్కపెట్టాలంటే సగటు సంవత్సరాన్ని అసలు వాడకూడదు. రోజులు లెక్కపెట్టి 86,400తో గుణించి, భూభ్రమణంతో గడియారాన్ని సరిపెట్టడానికి అప్పుడప్పుడు చేర్చే లీపు సెకన్లు కలపాలి. 1972 నుంచి అలా 27 సెకన్లు చేరాయి. చివరిది మన గడియారంలో 2017 జనవరి 1 తెల్లవారుజామున అయిదున్నరకు ముందు చేరింది.

మూడో మెట్టు: సున్నాలకు పేర్లు పెట్టకండి

తెలుగులో లెక్కలు చేసేవారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. వెయ్యి దాటాక మన సంఖ్యల పేర్లు రెండేసి సున్నాల చొప్పున పెరుగుతాయి: వెయ్యి, లక్ష, కోటి. మిల్లీ, మైక్రో, నానో వంటి ఉపసర్గలు మూడేసి సున్నాల చొప్పున నడుస్తాయి. రెండు లయలూ కలవవు. అందుకే బిలియన్‌ను కోటి అని రాసేసి, విశ్వం వయసును 1,380 కోట్ల సంవత్సరాల నుంచి 13.8 కోట్లకు దించేయడం అంత సులభం. వంద రెట్లు తప్పినా చదివేవారికి అనుమానం రాదు. రెండూ ఊహకు అందని సంఖ్యలే కాబట్టి!

ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి:

మిల్లీ: వెయ్యిలో ఒక వంతు, 10⁻³
మైక్రో: పది లక్షల్లో ఒక వంతు, 10⁻⁶
నానో: వంద కోట్లలో ఒక వంతు, 10⁻⁹
పికో: లక్ష కోట్లలో ఒక వంతు, 10⁻¹²
ఫెమ్టో: పది కోటి కోట్లలో ఒక వంతు, 10⁻¹⁵
అట్టో: పది వేల కోటి కోట్లలో ఒక వంతు, 10⁻¹⁸

ఇంకా కిందికి జెప్టో 10⁻²¹, యోక్టో 10⁻²⁴ ఉన్నాయి. 2022లో రోంటో 10⁻²⁷, క్వెక్టో 10⁻³⁰ చేరాయి. "పది వేల కోటి కోట్లు" అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ లెక్కకు పనికిరాదు. కాగితం మీద ఎప్పుడూ ఘాత రూపమే రాయండి. పేర్లు అవసరమైతే జవాబు వచ్చాక పెట్టుకోవచ్చు. లక్ష 10⁵, కోటి 10⁷, లక్ష కోట్లు 10¹², కోటి కోట్లు 10¹⁴. ఈ నాలుగూ కంఠతా వస్తే ఇక తడబాటు ఉండదు.

నాలుగో మెట్టు: అంకెలు వేరు, ఘాతాలు వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 80 కోట్లు అంటే 8×10⁸. సంవత్సరానికి 3.156×10⁷ సెకన్లు. అంకెలను విడిగా గుణించండి: 8×3.156 = 25.2. ఘాతాలను విడిగా కూడండి: 8+7 = 15. వచ్చింది 25.2×10¹⁵, అంటే 2.52×10¹⁶ సెకన్లు. సెకన్లకు చేరాం, ఇక్కడ ఆగి రాసుకోండి.

నానోసెకన్లు కావాలంటే ఘాతానికి 9 కలపడమే: 2.52×10²⁵. ఫెమ్టోసెకన్లకు 15 కలపాలి: 2.52×10³¹. రాడార్ ఊపులు కావాలంటే సెకనుకు 5.3×10⁷ ఊపులతో గుణించాలి: 2.52×5.3 = 13.4, ఘాతాలు 16+7 = 23. అదే 1.3×10²⁴. ఒక్క ఊపు కాలం కావాలంటే 1ని 5.3×10⁷తో భాగించండి. 1.887×10⁻⁸ సెకన్లు, అంటే 18.9 నానోసెకన్లు వస్తాయి. 10⁻⁸ని నానోలోకి మార్చడానికి 9 కలిపితే 10¹ మిగులుతుంది, అందుకే 1.887 కాస్తా 18.87 అయింది. ఈ చిన్న అడుగు దగ్గరే చాలామంది 1.887 నానోసెకన్లు అని రాసి ముందుకు వెళ్లిపోతారు.

రాడార్ దగ్గరున్నప్పుడే మరో కొలత గుర్తుపెట్టుకోవచ్చు. కాంతి, రేడియో తరంగం మైక్రోసెకనుకు సుమారు 300 మీటర్లు వెళ్తాయి. ప్రతిధ్వని పైకి వెళ్లి కిందికి రావాలి కాబట్టి ఒక్కో మైక్రోసెకను ఆలస్యానికి 150 మీటర్ల ఎత్తు. పది కిలోమీటర్ల పైనున్న గాలి పొర నుంచి జవాబు రావడానికి దాదాపు 67 మైక్రోసెకన్లు పడుతుంది.

భాగహారంలో రుణ ఘాతాలు వచ్చినప్పుడు నెమ్మదించండి. గ్రానైటులో కొద్దిపాళ్లలో యురేనియం ఉంటుంది. యురేనియం-238 అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, 446.8 కోట్ల సంవత్సరాలు. అదే క్షయ వరుసలో కిందికి వస్తే పోలోనియం-214 తగులుతుంది, దాని అర్ధాయువు సుమారు 164 మైక్రోసెకన్లు. తాతకూ మనవడికీ ఆయుష్షులో ఎన్ని రెట్లు తేడా? యురేనియం: 4.468×10⁹ × 3.156×10⁷ = 1.41×10¹⁷ సెకన్లు. పోలోనియం: 1.64×10⁻⁴ సెకన్లు. 1.41÷1.64 = 0.86. ఘాతాలు 17 − (−4). రెండు రుణాలు కలిస్తే కూడిక: 21. జవాబు 0.86×10²¹, అంటే 8.6×10²⁰ రెట్లు. 17 నుంచి 4 తీసి 13 అని రాసినవారికి జవాబు పది కోట్ల రెట్లు తగ్గుతుంది. కాబట్టి రుణ ఘాతం ఉన్నదానితో భాగిస్తే ఘాతం పెరగాలి అన్న ఒక్క మాట మనసులో ఉంచుకోండి.

సెకన్ల నుంచి సంవత్సరాలకు వెనక్కి రావాలంటే 3.156×10⁷తో భాగించండి, లేదా 3.17×10⁻⁸తో గుణించండి. వంద కోట్ల సెకన్లు అంటే 31.7 సంవత్సరాలు. 31 ఏళ్ల తొమ్మిది నెలలు నిండినవారంతా వంద కోట్ల సెకన్లు బతికినవారే. సరిచూడటానికి ఇదే మంచి కొలబద్ద: శతాబ్దంలో వంద కోట్లలో ఒక వంతు 3.16 సెకన్లు. మీ జవాబు ఈ దారిలో పొసగకపోతే ఎక్కడో సున్నా జారింది.

ఇంకో సరిచూపు అట్టోసెకనుతో చేయవచ్చు. సెకనుకు 10¹⁸ అట్టోసెకన్లు. 1,380 కోట్ల సంవత్సరాల విశ్వానికి సెకన్లు 4.35×10¹⁷. అంటే ఒక్క సెకనులో ఉన్న అట్టోసెకన్లు విశ్వం పుట్టినప్పటి నుంచి గడిచిన సెకన్ల కంటే రెట్టింపుకు పైనే. ఇంత చిన్న కాలం ఊహకే పరిమితం కాదు. ఎలక్ట్రాన్ల కదలికను పట్టుకునే అట్టోసెకను కాంతి స్పందనలను సాధించినందుకు పియేర్ అగొస్తీనీ, ఫెరెంక్ క్రౌజ్, ఆన్ లుయిలియేలకు 2023 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మీరే చేయడానికి ఒక లెక్క: భౌతిక స్థిరాంకాల నుంచి వచ్చే అతి చిన్న కాలమానమైన ప్లాంక్ కాలం 5.39×10⁻⁴⁴ సెకన్లు, విశ్వం వయసులో అవి ఎన్ని? 8.1×10⁶⁰ వస్తే మీకు ఈ మెట్టు వచ్చినట్లే.

అయిదో మెట్టు: సంకల్పంలోని కాలం

మన ఇళ్లలో ఏ పూజ మొదలైనా పురోహితులు "ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే" అంటూ కాలాన్ని చెబుతారు. చిరునామాను దేశం నుంచి వీధికి రాసినట్లు పెద్ద కొలత నుంచి చిన్నదానికి దిగే వరుస అది. లెక్క కూడా చక్కగా కుదురుతుంది. కలియుగం 4,32,000 సంవత్సరాలు. ద్వాపరం దానికి రెట్టింపు, త్రేత మూడు రెట్లు, కృతం నాలుగు రెట్లు. మొత్తం పది రెట్లు, మహాయుగం 43,20,000. వెయ్యి మహాయుగాలు కల్పం: 432 కోట్లు, 4.32×10⁹ సంవత్సరాలు. బ్రహ్మకు పగలు ఒక కల్పం, రాత్రి ఒక కల్పం. అలాంటి రోజులు 360 ఒక ఏడాది, నూరేళ్ల ఆయుష్షు. అది 3.11×10¹⁴ సంవత్సరాలు, మూడు కోటి కోట్ల చిల్లర. అందులో సగం గడిచిందనే ద్వితీయ పరార్ధం అంటున్నాం.

కింది వైపు ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, ప్రాణం 4 సెకన్లు, గురువక్షరం పలికే కాలం 0.4 సెకన్లు. రోజుకు 21,600 ప్రాణాలు. వృత్తానికి కూడా 21,600 కళలే (ఇక్కడ కళ అంటే కోణపు నిమిషం). భూమి ఒక ప్రాణంలో ఒక కళ తిరుగుతుందని ఆర్యభటుడు చెప్పిన మాటకు ఇదే ఆధారం. కచ్చితం కావాలనేవారు ఒకటి గమనించాలి: సూర్యసిద్ధాంతం 60 నాడులుగా (ఘడియలుగా) విభజించేది నక్షత్ర దినాన్ని. అది 24 గంటల కంటే దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ.

అసలు జాగ్రత్త పడాల్సింది త్రుటి దగ్గర. భాస్కరాచార్యుడి వరుసలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 30 కళలు, కళకు 30 కాష్ఠలు, కాష్ఠకు 18 నిమేషాలు, నిమేషానికి 30 తత్పరలు, తత్పరకు 100 త్రుటులు. అన్నీ గుణిస్తే రోజుకు 2.916×10⁹ త్రుటులు. ఒక త్రుటి సుమారు 29.6 మైక్రోసెకన్లు. భాగవతం మూడో స్కంధంలోని వరుస వేరు: నాడికకు 15 లఘువులు, లఘువుకు 15 కాష్ఠలు, కాష్ఠకు 5 క్షణాలు, క్షణానికి 3 నిమేషాలు, నిమేషానికి 3 లవాలు, లవానికి 3 వేధలు, వేధకు 100 త్రుటులు. ఇక్కడ త్రుటి 474 మైక్రోసెకన్లు. మొదటిదానికి సరిగ్గా 16 రెట్లు. నిమేషం కూడా మారిపోతుంది, ఒకచోట 0.089 సెకన్లు, ఇంకోచోట 0.427. "మన ప్రాచీనులు త్రుటిని ఇంతగా కొలిచారు" అని ఒకే అంకెతో తిరిగే సందేశాలు ఏ గ్రంథంలోనిదో చెప్పకపోతే వాటితో లెక్క చేయకండి.

కల్పంలో ఎన్ని త్రుటులు? ఇక్కడ మాత్రం సెకను దగ్గర దిగనక్కర్లేదు. రెండు కొలతలూ రోజుతోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి రోజు దగ్గర మారడమే దగ్గరి దారి. సూర్యసిద్ధాంతం ప్రకారం మహాయుగానికి 157,79,17,828 రోజులు. కల్పానికి 1.5779×10¹² రోజులు. దీన్ని 2.916×10⁹తో గుణిస్తే 4.60×10²¹ త్రుటులు. భాగవతం త్రుటి అయితే 16తో భాగించండి: 2.88×10²⁰. బ్రహ్మగుప్తుడి లెక్కలో మహాయుగానికి 157,79,16,450 రోజులు. ఏడో అంకె దగ్గరే తేడా మొదలవుతుంది కాబట్టి మన మూడంకెల జవాబు చెక్కుచెదరదు.

ఎన్ని అంకెలు ఉంచాలి?

మీరు తీసుకున్న అంకెల్లో అతి తక్కువ నమ్మకమైనది ఎన్ని అంకెలకు సరిగ్గా తెలుసో, జవాబులోనూ అన్నే ఉంచండి. 80 కోట్ల సంవత్సరాలను 25,24,60,80,00,00,00,000 సెకన్లుగా రాస్తే అది అబద్ధపు కచ్చితత్వం. 2.5×10¹⁶ చాలు. లెక్క మధ్యలో ఒకటి రెండు అంకెలు ఎక్కువ ఉంచుకుని చివర సవరించుకోవడం మంచిది.

అలాగని ప్రతిచోటా వదిలేయడమూ కుదరదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లిన, మన దేశపు దారిచూపే వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలలో రుబీడియం పరమాణు గడియారాలు ఉంటాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశీయంగా చేసిన గడియారం ఉంది. దాదాపు 36,000 కిలోమీటర్ల నుంచి సంకేతం మన ఫోనుకు చేరడానికి 0.12 సెకన్లు పడుతుంది, అంటే 12 కోట్ల నానోసెకన్లు. అందులో ఒక్క నానోసెకను తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఒక మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు. ఇక్కడ తొమ్మిది అంకెలూ కావాలి.

కంప్యూటర్‌కు అప్పగించేటప్పుడు

కాలిక్యులేటర్‌లో 10¹⁶ కోసం పదహారు సున్నాలు కొట్టకండి. ఈఎక్స్‌పీ మీట వాడి ఘాతాన్ని మాత్రమే ఇవ్వండి. స్ప్రెడ్‌షీట్లు 15 అంకెలే దాస్తాయి. పదహారో అంకె నుంచి ఏం కొట్టినా సున్నా అవుతుంది, హెచ్చరిక కూడా రాదు.

ప్రోగ్రాములు రాసేవారికి ఇంకొన్ని గోడలు తగులుతాయి. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కించే వ్యవస్థలకు మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07 దగ్గర చోటు అయిపోతుంది. 64 బిట్ల పూర్ణాంకంలో నానోసెకన్లు లెక్కిస్తే 1970కి అటూ ఇటూ 292 సంవత్సరాలే పడతాయి, 1677 నుంచి 2262 వరకు. డేటా పనుల్లో చాలామంది వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్‌లోని నానోసెకను తేదీలకు ఉన్న హద్దు ఇదే. అన్నమయ్య పరమపదించిన 1503ను అందులో పెట్టబోతే ఒప్పుకోదు. సెకన్లను దశాంశ సంఖ్యగా 64 బిట్లలో దాచుకుంటే ఏ శతాబ్దమైనా పడుతుంది కానీ, నేటి తేదీల దగ్గర దాని మెట్టు దాదాపు పావు మైక్రోసెకను. అంతకంటే చిన్న తేడా దానికి కనిపించదు.

పూర్ణాంకంలో కొలత చిన్నదయ్యే కొద్దీ చోటు ఎంత త్వరగా నిండుతుందో చూడండి. పికోసెకన్లయితే 106 రోజులు. ఫెమ్టోసెకన్లయితే రెండున్నర గంటలు. అట్టోసెకన్లయితే 9.2 సెకన్లు. అందుకే దీర్ఘకాలం, అతి సూక్ష్మకాలం రెండూ కావలసిన పనిలో ఒకే గడితో నెట్టుకురాకండి. పూర్తి సెకన్లను ఒక గడిలో, మిగిలిన భిన్నాన్ని అట్టోసెకన్లలో పూర్ణాంకంగా మరో గడిలో ఉంచండి. రెండో గడి 10¹⁸ చేరగానే సున్నా చేసి, మొదటి గడికి ఒకటి కలపండి.